కొత్త స్నేహితులకు వీడ్కోలు
నాంపల్లి స్టేషన్, అబిడ్స్ పోస్టాఫీసు చెప్పే పాఠం



వార్షికోత్సవ సంచికకు నలుగురికీ పనికొచ్చే పాఠం ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. పరీక్షలకు ఎలా చదవాలి, ఇంటర్వ్యూకు ఎలా వెళ్ళాలి అన్న వ్యాసాలు ప్రతి సంచికలోనూ వస్తూనే ఉన్నాయి. వాటిని నాకంటే బాగా రాసేవాళ్ళు ఉన్నారు. అందుకని నేను సిలబస్‌లో లేని విషయం ఒకటి ఎంచుకున్నాను. దేశదేశాల యువకులు కలుసుకునే ఒక సభకో, శిబిరానికో, ఆటల పోటీలకో మీరు వెళ్ళారనుకోండి. నాలుగైదు రోజుల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ప్రాణస్నేహితులవుతారు. ఇంతలో చివరి రోజు వచ్చేస్తుంది. అప్పుడు ఏం మాట్లాడాలి? ఏం రాసి చేతికివ్వాలి? ఏ మాట ఇవ్వాలి, ఏ మాట ఇవ్వకూడదు?

"మనకెక్కడి విదేశీ సభలు సార్" అని నవ్వేవాళ్ళు ఉంటారు. మన సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. కెన్నెడీ–లూగర్ యువజన మార్పిడి కార్యక్రమానికి ఎంపికై, అమెరికాలో ఒక కుటుంబంతో కలిసి ఉంటూ ఏడాదిపాటు అక్కడి బడిలో చదువుకుని వచ్చిన గురుకులం పిల్లలు కూడా ఉన్నారు. కాబట్టి నవ్వు ఆపి వినండి.

వీడ్కోలు అనేది హాస్టల్ పిల్లలకు కొత్త కాదు. మనలో ప్రతి ఒక్కరం ఆరో తరగతిలోనో, ఏడో తరగతిలోనో ట్రంకుపెట్టె పట్టుకుని, అమ్మ కొంగు వదిలి బస్సెక్కినవాళ్ళమే. ఈ విషయంలో ఇంట్లో ఉండి చదువుకున్న పిల్లలకంటే మనకు అనుభవం ఎక్కువ. అయితే ఆ వీడ్కోలు వేరు, ఇది వేరు. అమ్మను దసరాకు చూస్తాం. కొరియా నుంచో, పాలస్తీనా నుంచో వచ్చిన స్నేహితుణ్ణి మళ్ళీ ఈ జన్మలో చూస్తామో లేదో తెలియదు. ఆ తేడా తెలిసి వీడ్కోలు చెప్పడం నేర్చుకోవలసిన విద్యే.

ఆరు రోజుల ఆసియా

ఈ పాఠానికి మన నగరంలోనే మంచి ఉదాహరణ ఉంది. 2003 జనవరి 2 నుంచి 7 వరకు నిజాం కాలేజీ ఆవరణలో ఆసియా సోషల్ ఫోరం జరిగింది. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరంలో 2001 జనవరిలో మొదలైన ప్రపంచ సోషల్ ఫోరానికి ఇది ఆసియా ఖండపు కూడిక. కేవలం యువజనుల సభ కాదు. రైతులు, మత్స్యకారులు, కార్మిక సంఘాలవాళ్ళు, మహిళా సంఘాలవాళ్ళు, దళిత సంఘాలవాళ్ళు, అడవి నుంచి వచ్చిన ఆదివాసులు అందరూ ఉన్నారు. వాళ్ళతోపాటు విద్యార్థులు, యువకులు పెద్ద సంఖ్యలో వచ్చారు. నేను అప్పుడు డిగ్రీ చదువుతూ హాస్టల్‌లో ఉండేవాణ్ణి. మా గది నుంచి నలుగురం రోజూ నడుచుకుంటూ వెళ్ళేవాళ్ళం. ఉపన్యాసాల్లో ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది. మిగతా సగం టీ కొట్టు దగ్గర అర్థమయ్యేది. అక్కడ అందరి ఇంగ్లీషూ మన ఇంగ్లీషులాగానే ఉండేది కాబట్టి భయం పోయింది.

1887లో ఏర్పడిన నిజాం కాలేజీ గేటు దాటి కాస్త నడిస్తే అబిడ్స్. ఆ పేరు ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆల్బర్ట్ అబిడ్ అనే ఆర్మేనియన్ ఉండేవాడు. ఆయన పెట్టిన దుకాణం పేరు మీదనే ఆ ప్రాంతం అబిడ్స్ అయింది. ఎక్కడి ఆర్మేనియా, ఎక్కడి హైదరాబాదు! వచ్చినవాడు వెళ్ళిపోయాడు, దుకాణం పోయింది, పేరు మాత్రం బస్సు బోర్డుల మీద మిగిలింది. అక్కడి నుంచి మొజంజాహీ మార్కెట్ మీదుగా వెళ్తే నాంపల్లి. 1907లో కట్టిన నాంపల్లి స్టేషన్‌లో పట్టాలు ముందుకు పోవు, అక్కడితో ఆగిపోతాయి. వచ్చిన బండి వచ్చిన దారినే వెనక్కు వెళ్ళాలి. వీడ్కోలు చెప్పడానికి ఇలాంటి స్టేషనే మంచిది. బండి అక్కడే పుడుతుంది కాబట్టి చాలా ముందుగా వచ్చి నిలబడుతుంది, తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. సికింద్రాబాదులో అయితే "ఎక్కు, ఎక్కు" అనేలోపే కదిలిపోతుంది.

శంషాబాద్ విమానాశ్రయం అప్పటికి లేదు, అది 2008 మార్చిలో మొదలైంది. దూరదేశాలవాళ్ళు బేగంపేట నుంచి వెళ్ళేవారు. ఢిల్లీ మీదుగా పోయేవాళ్ళు, డబ్బు తక్కువ ఉన్నవాళ్ళు నాంపల్లిలో ఏ.పి. ఎక్స్‌ప్రెస్ ఎక్కేవారు. అదే బండి 2014 నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయింది. మా స్నేహాలన్నీ ఆ రెండో రకం వాళ్ళతోనే అని వేరే చెప్పనక్కరలేదు.

వెళ్తాను కాదు, వెళ్ళొస్తాను

మొదట మాట సంగతి చూద్దాం. ఇంటినుంచి బయలుదేరేటప్పుడు "వెళ్తాను" అంటే అమ్మమ్మ ఊరుకోదు. "వెళ్ళొస్తాను అనాలి" అని దిద్దుతుంది. తెలంగాణ పల్లెల్లో "పోత" అనరు, "పోయొస్త" అంటారు. పోవడం ఒక్కటే చెబితే అశుభం, రావడం కూడా కలిపి చెప్పాలి. ఇది మన తెలుగువాళ్ళ మర్యాద అనుకుంటాం. తమిళులు "పోయిట్టు వరేన్" అంటారు, కన్నడిగులు "హోగి బర్తీని" అంటారు. రెండింటికీ అర్థం వెళ్ళి వస్తాననే. సరే, పక్కింటి భాషలు, పోలిక ఉంటుంది.

కాని టీ కొట్టు దగ్గర శ్రీలంక అమ్మాయి ఒకరు సింహళంలో "గిహిన్ ఎన్నం" అంటారని చెప్పింది. అర్థం అడిగితే "వెళ్ళి వస్తాను". బెంగాలీవాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేసి, వెళ్ళే మాటే ఎత్తకుండా "ఆశి" అంటారు, అంటే "వస్తాను" అని. జపాన్‌లో ఇంటినుంచి బయటికి వెళ్ళేవాళ్ళు "ఇత్తెకిమాసు" అంటారు. అదీ వెళ్ళి వస్తాననే! దానికి ఇంట్లోవాళ్ళు "ఇత్తెరాష్షై" అని బదులిస్తారు. వెళ్ళి రా అని అర్థం. మన పెద్దలు "వెళ్ళిరా నాయనా" అంటారు చూడండి, అదే.

కొరియా, ఇండోనేషియా వాళ్ళ పద్ధతి మరోలా ఉంటుంది. వెళ్ళేవాడికి ఒక మాట, ఉండిపోయేవాడికి ఇంకొక మాట. ఇండోనేషియాలో ప్రయాణమయ్యేవాడితో "సెలామత్ జలాన్" అంటారు, అంటే దారి క్షేమంగా సాగాలని. వెళ్ళేవాడు ఉండేవాడితో "సెలామత్ టింగల్" అంటాడు, ఉన్నచోట క్షేమంగా ఉండమని. కొరియన్లు కూడా "క్షేమంగా వెళ్ళండి", "క్షేమంగా ఉండండి" అని రెండుగా చెప్పుకుంటారు. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. ఎందుకంటే వీడ్కోలులో అందరూ వెళ్ళేవాడి గురించే బాధపడతారు. ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయేవాడిని ఎవరూ పట్టించుకోరు. హాస్టల్‌లో సెలవులకు అందరూ వెళ్ళిపోయాక, ఇల్లు లేక ఆగిపోయిన ఒకరిద్దరిని చూసినవాళ్ళకు ఈ మాట విలువ తెలుస్తుంది.

హైదరాబాదులో "ఖుదా హాఫిజ్" రోజూ వింటాం. దేవుడు కాపాడుగాక అని దాని భావం. ఇంగ్లీషు "గుడ్‌బై" కూడా దేవుడు నీతో ఉండుగాక అనే పాత వాక్యం అరిగి అరిగి మిగిలిన ముక్కే. అరబ్బీలో "మఅస్సలామా", శాంతితో వెళ్ళమని. నేపాలీలో "ఫేరి భేటౌంలా", మళ్ళీ కలుద్దాం అని.

అందుచేత మొదటి పని ఇది. చివరి రోజున "బై, బై" అని చెయ్యి ఊపి ఊరుకోకండి. మీ స్నేహితుడి భాషలో వీడ్కోలు మాట ఏమిటో అడిగి తెలుసుకోండి, తెలుగు అక్షరాల్లో రాసుకుని పలకడం నేర్చుకోండి. మీ మాట అతనికి నేర్పండి. మా నలుగురి దగ్గరా "పోయొస్త" నేర్చుకున్న ఒక నేపాలీ మిత్రుడు, సభలో కనిపించిన ప్రతి తెలుగువాడితోనూ అదే అనేవాడు, వచ్చేటప్పుడు కూడా! అందరూ నవ్వేవారు. నవ్వించిన మాట మరిచిపోవడం కష్టం.

చివరి రెండు రోజులు

సభలకు వెళ్ళినవాళ్ళు చివరి రోజు సాయంత్రం దాకా సమావేశాల్లోనే ఉండి, ఆఖరి గంటలో హడావుడిగా ఫోను నంబర్లు రాసుకుంటారు. ఇది సరైన పద్ధతి కాదు. వీడ్కోలు పని రెండు రోజుల ముందే మొదలుపెట్టాలి. స్నేహితుడిని సభ బయటికి తీసుకువెళ్ళి మన ఊరు చూపించాలి.

2003లో జనవరి 5 ఆదివారం వచ్చింది. ఆదివారం అబిడ్స్ అంటే పుస్తకాలు. దుకాణాలు మూసి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. హాస్టల్ పిల్లలకు అది రెండో లైబ్రరీ. అక్కడ బహుమతి కొనడం మన జేబుకు తగిన పని. ముత్యాలు కొనివ్వలేం, ఒక పాత అట్లాసు కొనివ్వగలం. అందులో మన జిల్లా దగ్గర చుక్క పెట్టి ఇస్తే అతను మన ఊరు ఎక్కడుందో తన ఇంట్లోవాళ్ళకు చూపిస్తాడు. నాంపల్లిలో ఏటా జనవరి 1న మొదలయ్యే నుమాయిష్ ఉండనే ఉంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఈ ప్రదర్శన 1946 నుంచి ఇప్పటి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జరుగుతోంది. టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్తే కాశ్మీరు శాలువాల నుంచి మిర్చి బజ్జీల దాకా అన్నీ ఒక్కచోటే చూపించవచ్చు.

ఇంకొకటి బిస్కట్లు. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ దగ్గరి కరాచీ బేకరీ పేరు మీకు తెలుసు. దేశ విభజన సమయంలో సింధు ప్రాంతం వదిలి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో దాన్ని ప్రారంభించారు. వదిలి వచ్చిన ప్రాంతపు ముఖ్యనగరం పేరే దుకాణానికి పెట్టుకున్నారు. మా గుంపులో ఒకడు పాకిస్తాన్ నుంచి వచ్చిన విద్యార్థికి ఆ బిస్కట్ల డబ్బా ఇచ్చాడు. డబ్బా మీద తన దేశపు ఊరి పేరు చూసి అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ మౌనానికి కారణం ఉంది. 2002 జనవరి 1 నుంచి రెండు దేశాల మధ్య నేరుగా విమానాలు, రైళ్ళు, బస్సు అన్నీ ఆగిపోయి ఉన్నాయి. పక్క దేశానికి పోవాలంటే మూడో దేశం చుట్టి పోవాలి. ఢిల్లీ–లాహోర్ బస్సు 2003 జూలైలో మళ్ళీ నడిచింది, సంఝౌతా ఎక్స్‌ప్రెస్ 2004 జనవరిలో మొదలైంది, 2019 ఆగస్టులో రెండూ మళ్ళీ ఆగాయి. 2025 మే నెలలో పాకిస్తాన్ నుంచి వచ్చే ఉత్తరాలనూ పార్శిళ్ళనూ కూడా మన ప్రభుత్వం నిలిపివేసింది. తప్పు ఎవరిదన్నది ఈ వ్యాసం పని కాదు. ఇద్దరు విద్యార్థులు "వచ్చే ఏడాది కలుద్దాం" అనుకుంటే ఆ మాట వాళ్ళ చేతుల్లో ఉండదని చెప్పడానికే ఇదంతా రాశాను.

ఏ మాట ఇవ్వాలి

కాబట్టి మాట ఇచ్చేముందు లెక్క చూసుకోవాలి. వీడ్కోలు వేళ గుండె బరువెక్కి ఉంటుంది. "మీ దేశం తప్పకుండా వస్తాను", "మా చెల్లి పెళ్ళికి నువ్వు రావాల్సిందే" అని నోటికొచ్చినట్లు అంటాం. అవతలివాడు దాన్ని నిజమని డైరీలో రాసుకుంటాడు. విమానం టికెట్టు, వీసా, పాస్‌పోర్టు మన చేతిలో లేనప్పుడు రావడం గురించి మాట ఇవ్వకండి. చేయగలిగిన చిన్న పనికి తేదీ పెట్టి మాట ఇవ్వండి. "ఈ ఫోటో కాపీ నెలాఖరులోగా పంపిస్తాను" అన్నది మంచి మాట. అది నెరవేరితే రెండో ఉత్తరానికి దారి పడుతుంది.

పాస్‌పోర్టు మాట వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. పదో తరగతి మెమోలో పేరు, పుట్టినతేదీ ఎలా ఉన్నాయో ఆధార్ కార్డులోనూ అలాగే ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఒక్క అక్షరం తేడా వల్ల విదేశీ అవకాశం జారిపోయిన పిల్లలు ఉన్నారు. ఎంపికైన తర్వాత దిద్దించుకుందామంటే సమయం చాలదు.

చిరునామా

ఇప్పుడు ఈ పాఠంలో అసలైన భాగానికి వచ్చాం.

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు అందరికీ తెలుసు. హైదరాబాదు పిన్‌కోడ్‌లలో మొదటిదైన 500001 దానిదే. 1972 ఆగస్టు 15న మన దేశంలో పిన్‌కోడ్ పద్ధతి వచ్చింది. ఆరంకెల్లో మొదటి అంకె ప్రాంతాన్ని చెబుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలకు 5. అంతకు చాలా ముందే, 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో కుదిరిన ఒప్పందంతో విశ్వ తపాలా సమితి ఏర్పడింది. 1876లో భారతదేశం అందులో చేరింది. దాని పుణ్యమాని ఒక దేశంలో కొన్న బిళ్ళ అంటించి వేసిన ఉత్తరాన్ని మరో దేశపు తపాలావారు ఇంటికి చేరుస్తారు. ఎన్ని దేశాలు ఎన్ని రకాలుగా కొట్టుకున్నా మనుషులు కుదుర్చుకున్న మంచి ఏర్పాట్లలో ఇది ఒకటి.

విదేశాలకు ఉత్తరం రాసేటప్పుడు దేశం పేరు చివరి వరుసలో, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో, విడిగా రాయాలి. మన చిరునామా రాసి ఇచ్చేటప్పుడు కూడా ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం, పిన్‌కోడ్, చివర ఇండియా. ఇంతవరకు తేలికే.

ఏ చిరునామా ఇవ్వాలన్నదే కష్టం. హాస్టల్ చిరునామా ఇస్తే రెండేళ్ళలో మనం వెళ్ళిపోతాం. తర్వాత వచ్చిన ఉత్తరం వార్డెన్ గది బీరువాలోనో, గుమాస్తా టేబుల్ సొరుగులోనో పడి ఉంటుంది. శాశ్వతమైనది ఊరి చిరునామా. కాని ఊరి చిరునామా రాయడానికి మనలో చాలామంది చెయ్యి ఆగుతుంది. ఎందుకో నేను విడమరిచి చెప్పనక్కరలేదు. మన ఇంటి నంబరు పక్కన ఎస్.సి. కాలనీ అని ఉంటుంది. లేదా ఫలానా వాడ, ఫలానా పల్లె అని ఉంటుంది. మన చిరునామాలోనే మన కులం రాసి ఉంటుంది. పై వీధివాళ్ళ చిరునామాలో వాళ్ళ కులం రాసి ఉండదు.

ఆ వాడ పేరు తీసేసి వట్టి ఊరి పేరు మాత్రమే రాసి ఇచ్చే పిల్లలను చూశాను. వాళ్ళను నేను తప్పు పట్టను. హైదరాబాదులో అద్దె గది కోసం తిరిగినవాడికి ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. అయినా విదేశీ మిత్రుడి విషయంలో నా అభిప్రాయం వేరు. మనకు ఈ సంగతి వివరించే అవకాశం దొరికిన చోటు అదే. "ఇదేమిటి, ఎస్.సి. అంటే?" అని అతను అడుగుతాడు. అడగనివ్వండి, చెప్పండి. ఆరు రోజుల ఉపన్యాసాల్లో అర్థం కానిది ఒక్క చిరునామాతో అర్థమవుతుంది.

ఇది మన ఒక్కరి బాధ కూడా కాదు. జపాన్‌లో బురాకుమిన్ అని పిలవబడే జనం ఉన్నారు. చచ్చిన పశువుల పని, తోలు పని చేశారన్న కారణంగా తరతరాలు వెలివేయబడినవాళ్ళు. "బురాకు" అంటే చిన్న పల్లె, గూడెం అని అర్థం. అంటే వాళ్ళ పేరే వాడ పేరు. 1871లో అక్కడి ప్రభుత్వం చట్టరీత్యా ఆ అంతరాన్ని రద్దు చేసింది. కాని 1975లో ఒక సంగతి బయటపడింది. బురాకు వాడలు ఏయే ఊళ్ళలో ఎక్కడెక్కడ ఉన్నాయో జాబితాలు తయారుచేసి రహస్యంగా అమ్ముతున్నారు, కంపెనీలు కొంటున్నాయి. ఉద్యోగానికి వచ్చినవాడి చిరునామాను ఆ జాబితాతో పోల్చి చూసి వద్దనుకోవచ్చు కదా! ముఖం చూసి చెప్పలేని దాన్ని చిరునామా చూసి కనిపెట్టారు. ఇది తెలిసిన జపాన్ మిత్రుడికి మన ఎస్.సి. కాలనీ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతివివక్ష మీద ప్రపంచ మహాసభ జరిగినప్పుడు మన దళిత ప్రతినిధులు కుల వివక్ష గురించి మాట్లాడింది కూడా ఇందుకే. పుట్టుకను బట్టి మనిషిని దూరం పెట్టడం అనేది ఏ రెండు దేశాలవాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నా పోల్చుకోగలిగిన విషయం.

అందుకని పూర్తి చిరునామా రాయండి. రెండు చిరునామాలు రాస్తే ఇంకా మంచిది. రెండోది మీ ఊరి హైస్కూలు హెడ్మాస్టరు గారి ద్వారా అని ఇవ్వవచ్చు. కాగితం మీద, సిరాతో.

కాగితం మీద అని ఎందుకంటున్నానంటే, 2003లో అబిడ్స్ ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి మేమూ ఈ-మెయిల్ ఖాతాలు తెరిచాం. తర్వాత ఆర్కుట్ వచ్చింది, స్నేహితులందరూ అందులో దొరికారు. 2014 సెప్టెంబర్ 30న అది మూతపడింది. యాహూ గ్రూపులు 2020 డిసెంబర్‌లో పోయాయి. స్కైప్ 2025 మే నెలలో పోయింది. టెలిగ్రాం కూడా 2013 జూలైతో ఆగిపోయిందనుకోండి, ప్రభుత్వానిదైనా శాశ్వతం కాదు. ఇప్పుడు మీరు వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకుంటారు, పెట్టుకోండి. మొదటి వారం రోజుకు వంద ఫోటోలు వస్తాయి, రెండో నెలకు పండుగ శుభాకాంక్షలు మాత్రమే మిగులుతాయి. గ్రూపు అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు. ఒక్కరి పేరున ఒక్కరు రాసే ఉత్తరం దారి వేరు.

బాబాసాహెబ్ రూమ్మేటు

ఈ విషయంలో మనకు బాబాసాహెబ్ అంబేద్కర్ జీవితంలో ఒక ఉదాహరణ ఉంది. ఆయన 1913లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు లివింగ్‌స్టన్ హాల్ అనే విద్యార్థి వసతిగృహంలో నావల్ భథేనా అనే పార్సీ విద్యార్థితో కలిసి ఉన్నారు. అంటే హాస్టల్ స్నేహమే. 1916లో అంబేద్కర్ న్యూయార్క్ వదిలి లండన్ వెళ్ళారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయి చదువు మధ్యలో తిరిగి రావలసి వచ్చింది. వేరే ఓడలో పంపిన పుస్తకాలు ఆ ఓడతోపాటు యుద్ధంలో మునిగిపోయాయి. బరోడాలో ఉద్యోగానికి వెళ్తే తలదాచుకున్న పార్సీ సత్రంలోంచి కులం కారణంగా వెళ్ళగొట్టారు. ఇవన్నీ మీకు తెలిసిన సంగతులే. తెలియని సంగతి ఏమిటంటే, ఆ సత్రం నడిపిన సమాజంలోనే పుట్టిన భథేనా స్నేహం మాత్రం చెక్కుచెదరలేదు. 1920లో అంబేద్కర్ మళ్ళీ లండన్ వెళ్ళి ఆగిన చదువు పూర్తిచేయడానికి డబ్బు సర్దినవారిలో భథేనా ఉన్నారు. వాళ్ళ మధ్య ఉత్తరాలు నడిచాయి. హాస్టల్ గది ఖాళీ చేసిన రోజున ఆ స్నేహం కూడా ఖాళీ అయిపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

మరొకటి కూడా చెబుతాను. 1946లో అంబేద్కర్, అమెరికాలో నల్లజాతి ప్రజల హక్కుల కోసం పోరాడుతున్న డు బోయిస్ గారికి ఒక ఉత్తరం రాశారు. ఇద్దరూ అప్పటికి ఎప్పుడూ కలుసుకోలేదు. ఐక్యరాజ్య సమితికి అక్కడివాళ్ళు ఇచ్చిన వినతిపత్రం ప్రతి కావాలని అడిగారు. అదే జూలై 31న జవాబు వచ్చింది. ముఖపరిచయం లేకుండానే ఉత్తరం అంత పని చేసింది. ఆరు రోజులు కలిసి టీ తాగినవాళ్ళు రాసుకోలేకపోతే ఎలా?

మొదటి ఉత్తరం త్వరగా రాయాలి. స్నేహితుడు ఇల్లు చేరిన నెలలోపు అందాలి. పెద్ద ఇంగ్లీషు అక్కరలేదు. "క్షేమంగా చేరావా? ఇక్కడ పరీక్షలు మొదలయ్యాయి. ఫోటో పంపుతున్నాను. నీ పక్కన ఉన్నది మా రూమ్మేటు." ఇంతే చాలు. చివర ఒక ప్రశ్న ఉండాలి, జవాబు రాయడానికి అతనికి ఏదో ఒకటి ఉండాలి కదా. స్టాంపు ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి కౌంటర్‌లో తూకం వేయించి అంటించండి. స్టాంపు మీద మంచి బొమ్మ అడిగి తీసుకోండి, అవతలి ఇంట్లో పిల్లలు కత్తిరించి దాచుకుంటారు.

తరువాత

2003 జనవరి నెలాఖరులో పోర్టో అలెగ్రెలో జరిగిన సభలో, తర్వాతి ప్రపంచ సోషల్ ఫోరం ఇండియాలో అని తేలింది. 2004 జనవరి 16 నుంచి 21 వరకు ముంబై గోరేగావ్‌లో జరిగింది. నిజాం కాలేజీలో ఏడాది కింద "పోయొస్త" అన్నవాళ్ళలో కొందరు నిజంగానే వచ్చారు. మేము ఇద్దరం నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ ఎక్కి వెళ్ళాం. శ్రీలంక అమ్మాయి కనిపించి "గిహిన్ ఎన్నం" గుర్తుందా అని అడిగింది. ఆ నేపాలీ మిత్రుడు మాత్రం రాలేదు.

అతని దేశంలో అప్పుడు ప్రభుత్వానికీ మావోయిస్టులకూ యుద్ధం జరుగుతోంది. మేము నాంపల్లి స్టేషన్‌లో బండి ఎక్కించిన మూడు వారాలకు, 2003 జనవరి 29న కాల్పుల విరమణ కుదిరింది. మార్చిలో హాస్టల్‌కు ఉత్తరం వచ్చింది. తమ ఊరికి బస్సు మళ్ళీ తిరుగుతోందని, తను టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టానని రాశాడు. ఆగస్టులో ఆ విరమణ ముగిసింది. తర్వాత నేను రాసిన రెండు ఉత్తరాలకు జవాబు లేదు. 2004లో చదువు అయిపోయి నేను హాస్టల్ వదిలేశాను. 2006 నవంబర్‌లో అక్కడ శాంతి ఒప్పందం జరిగినట్లు పేపర్లో చదివాను.

2007 ఎండాకాలంలో మా ఊరికి ఒక కార్డు వచ్చింది. ఇంటి నంబరు, ఎస్.సి. కాలనీ, ఊరు, మండలం, జిల్లా, పిన్‌కోడ్, ఇండియా. నేను నాంపల్లిలో బండి కదిలే ముందు అతని నోటుబుక్కులో రాసి ఇచ్చినట్లే అక్షరం పోకుండా ఉంది. పోస్ట్‌మాన్ నేరుగా మా వాడకు తెచ్చి అమ్మ చేతికిచ్చాడు. వెనకవైపు టీచరు ఉద్యోగం వచ్చిందని ఇంగ్లీషులో రాసి, కింద నేపాలీ అక్షరాల్లో ఒక్క మాట రాశాడు. హిందీ వచ్చిన మా మేనమామ దాన్ని కూడబలుక్కుని చదివి, "ఇదేం భాషరా, పోయొస్త అని ఉంది" అన్నాడు.

– ఒక పూర్వ విద్యార్థి